ముద్దాయికి తెలియని తీర్పు

నేరము మోపబడినవాడు తనపై వచ్చిన ఆరోపణ యేమో, దానికి సాక్ష్యమేమో, తుదకు తనకు శిక్ష యేల పడెనో తన చెవులతో విని గ్రహింపజాలని చోట న్యాయవిచారణ జరిగినదనుట వట్టి మాట. అచ్చట జరిగినది విచారణ గాదు. అతనిని బోనులో నిలువబెట్టి, అతని ప్రమేయము లేకుండ నడిపిన యొక తంతు. ఈ తంతు తెలుగునాట అనేక న్యాయస్థానములలో దినదినమును జరుగుచున్నది. జరుగుచున్నదని యెల్లరకును తెలియును. తెలిసియు, ఇది అనాదిగా వచ్చుచున్న వాడుక గదా యని యూరకున్నారు.

జిల్లా కోర్టులలో దేనికైనను పోయి యొక పూట కూర్చుండి చూడుడు. సాక్షి తెలుగున చెప్పును. ప్రభుత్వ న్యాయవాది తెలుగున ప్రశ్నించును. ముద్దాయి తరపు వకీలు తెలుగుననే అడ్డుప్రశ్నలు వేయును. ఇంతవరకు అందరును తెలుగువారే, మాటలన్నియు తెలుగే. అంతట న్యాయాధిపతి యా తెలుగుమాటను తన మనస్సులో ఆంగ్లముగ మార్చి లేఖకునకు చెప్పును. లేఖకుడు దానిని ఆంగ్లమున టైపు చేయును. ఆ క్షణముతో సాక్షి చెప్పిన మాటకు ఆయువు తీరినది. ఇక వాదమునకును, తీర్పునకును, అప్పీలునకును ఆధారము ఆ యాంగ్లపు కాగితమే. వాదము ఆంగ్లము, తీర్పు ఆంగ్లము. బోనులోనివాడు ప్రక్కనున్న కానిస్టేబులువైపు తిరిగి "ఏమన్నారు సార్?" అని యడుగును. "ఏడేళ్లు" అని యాతడు చెప్పును. రాజ్యము ఒక పౌరునితో పలుకగల మాటలలో ఇంతకంటె గంభీరమైనది వేరొకటి లేదు. దానిని పౌరుడు న్యాయాధిపతి నోట గాక కానిస్టేబులు నోట వినవలసి వచ్చుచున్నది.

ఇది యెవరో కొందరి గోడు గాదు. 2022 సంవత్సరపు ప్రభుత్వ లెక్కలనుబట్టి దేశమునందలి జైళ్లలో 5,73,220 మంది యుండగా వారిలో 4,34,302 మంది విచారణ ముగియనివారు. అనగా నూటికి 75 మందికి పైగా. వీరిలో ఆంగ్లము చదివి యర్థము చేసికొనగలవారెందరుందురో పాఠకులే యూహింపవచ్చును.

చట్టము ఈ తంతును కోరినదా? కోరలేదు. నిర్బంధింపబడినవానికి నిర్బంధకారణమును వెంటనే తెలుపవలెనని రాజ్యాంగపు 22వ అధికరణము శాసించుచున్నది. తెలుపుట యనగా నేమో 1962లో సుప్రీంకోర్టు హరికిషన్ వ్యాజ్యమున చెప్పినది. ముందుజాగ్రత్త నిర్బంధమున నుంచబడిన యతనికి కారణములు ఆంగ్లమున నీయబడెను. అతనికి ఆంగ్లము రాదు. రాని భాషలో కాగిత మిచ్చుట తెలుపుట కాదని నిర్ణయించి న్యాయస్థానమా నిర్బంధమును కొట్టివేసినది. 2025 నవంబరులో అదే న్యాయస్థానము మరియొక యడుగు ముందునకు వేసి, నేరమేదైనను సరియే, నిర్బంధకారణములను వ్రాతమూలముగ, నిర్బంధితునకు తెలిసిన భాషలో నీయవలెనని తీర్పు చెప్పినది. పోలీసు ఠాణా గడపకడ మనకు దొరకిన హక్కు ఇది. ఠాణా దాటి కోర్టులో నడుగిడిన పిమ్మట అదే మనిషికి అదే హక్కు ఏల చెల్లదు?

2024 జులై 1వ తేదీనుండి నేరవిచారణ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ననుసరించి నడుచుచున్నది. దండసంహితకు భారతీయ న్యాయ సంహిత యని పేరు వచ్చినది. 1860 నాటి చట్టమున 511 సెక్షను లుండగా దీనియందు 358 కలవు. పేర్లు మారినవి. పేర్లు మారినందుకు సంతోషించినవారు కలరు, కోపించినవారును కలరు. మేము అడుగునది వేరు. పై యట్టమీద సంస్కృతము వెలిసినది. ముద్దాయిని విచారించునపుడు మన కోర్టులు తెరచునది మాత్రము ఆంగ్లపాఠమునే. పాత పేరు ముద్దాయికి తెలియలేదు, క్రొత్త పేరును తెలియలేదు. పేరు మార్చిన దినమున బోనులోనివానికి కలిగిన లాభమేమి?

అయినను ఈ సంహితలోనే, పాత చట్టమునుండి దాదాపు మార్పు లేకుండ వచ్చిన కొన్ని సెక్షనులు కలవు. వీనిని ప్రతి పఠనమందిరమునందును వ్రాసి గోడకు తగిలింపదగును. 307వ సెక్షను: హైకోర్టు తప్ప తక్కిన న్యాయస్థానముల భాష యేదో నిర్ణయించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునది. 312వ సెక్షను: సాక్షి న్యాయస్థానపు భాషలో సాక్ష్యమిచ్చినచో దానిని ఆ భాషలోనే వ్రాసికొనవలెను. 313వ సెక్షను: వ్రాసినది సాక్షికి తెలియని భాషలో నున్నచో దానిని అతనికి తెలిసిన భాషలో వినిపింపవలెను. 314వ సెక్షను: ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యము నడచినచో దానిని బహిరంగ న్యాయస్థానమున అతనికి తెలిసిన భాషలో చెప్పవలెను. 404వ సెక్షను: ముద్దాయి కోరినచో, సాధ్యమైనంతవరకు అతని సొంత భాషలో, లేదా న్యాయస్థానపు భాషలో, తీర్పునకు అనువాద మీయవలెను, అప్పీలునకు వీలున్న కేసులలో ఉచితముగ నీయవలెను.

ఇన్ని యుండగా తంతు ఎట్లు సాగుచున్నది? రెండు చిన్న కంతలగుండ సాగుచున్నది. 312వ సెక్షను తుదిని ఒక మినహాయింపు కలదు: సాక్ష్యమును ఆంగ్లమున వ్రాసికొన్నపుడు, దానికి న్యాయస్థానపు భాషలో అనువాదము కావలెనని ఉభయపక్షములలో నెవరును కోరనిచో, ఆ యనువాదమును మానివేయవచ్చును. కోరవలసినదెవరు? వకీలు. వకీలు కోరడు; అనువాదము రాదు. రెండవది 392వ సెక్షనులో కలదు. తీర్పు చెప్పునపుడు దాని సారాంశమును ముద్దాయికి "లేక" అతని న్యాయవాదికి తెలిసిన భాషలో వివరింపవలెనట! ఈ "లేక" యను చిన్నమాట మనిషిని మింగివేసినది. న్యాయవాదికి ఆంగ్లము తెలియును గనుక చట్టము తృప్తి చెందును. జైలునకు పోవునది న్యాయవాది గాదు.

చట్టమున కంతలున్నవి నిజమే. కాని ఆ కంతలను పూడ్చనీయక కాపాడుచున్నవి చదువుకొన్నవారి యభిప్రాయములు. పట్టణములలో, క్లబ్బులలో, బారు గదులలో, ఈ విషయ మెత్తినపుడెల్ల మూడు మాటలు వినబడును. మూడింటిని ఒక్కొక్కటిగ పరీక్షింతము.

మొదటి మాట: తెలుగు కావ్యములకు తగిన భాష, చట్టమునకు తగదు, దానికి న్యాయపరిభాష లేదు. ఇది చరిత్ర తెలియనివారు చరిత్ర పేరిట చెప్పు మాట. తెలుగు వ్రాత మనకు మొట్టమొదట కనబడినది కావ్యమున గాదు, శాసనమున. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోడుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనము సుమారు క్రీ.శ. 575 నాటిది, నన్నయ భారతమునకు అది సుమారు అయిదువందల యేండ్లు ముందుది. శాసనమనగా ఆజ్ఞ. ఆజ్ఞకును దానపత్రమునకును పనికివచ్చిన పిమ్మటనే తెలుగు పద్యమునకు పనికివచ్చినది. తరువాత 13వ శతాబ్దమున, తిక్కన కాలమున, కేతన యను మహానుభావుడు వెలసెను. తెలుగున మొదటి వ్యాకరణమైన ఆంధ్రభాషాభూషణమును వ్రాసినవాడాతడే. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను తెలుగుపద్యములలో విజ్ఞానేశ్వరీయముగ నిర్మించినవాడును ఆతడే. భాషకు వ్యాకరణము వ్రాసిన చేయియే ధర్మశాస్త్రమును తెలుగు చేసినది. ఆ మితాక్షరలోని దాయభాగము కోల్‌బ్రూకు దొర ద్వారా ఆంగ్లమునకు పోయినది 1810లో. అనగా తెలుగునకు వచ్చిన అయిదువందల యేండ్లకు పిదప ఆంగ్లమునకు పోయినది. ఆ పిమ్మట మన వకీళ్లు మన ధర్మశాస్త్రమును మనకు ఆంగ్లమున చదివి వినిపించి, తెలుగున న్యాయశాస్త్రము లేదనిరి!

పరిభాష లేదనుట మరింత వింత. నేరము, తీర్పు, తగవు: ఇవి అచ్చతెలుగులు. సాక్షి, శిక్ష, న్యాయము సంస్కృతమునుండి వచ్చినవి. ఫిర్యాది, వకీలు, జామీను, జప్తు, ఖైదు, హాజరు పారసీ అరబ్బీలనుండి వచ్చినవి. సమను, వారంటు, అప్పీలు, నోటీసు ఆంగ్లమునుండి వచ్చినవి. వీనిలో సంతకు వచ్చిన రైతునకు తెలియనిదేది? చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర తెలుగు నిఘంటువు గూర్చినపుడు, కచేరీలలో మెలగు అన్యదేశ్యములకు వేరొక నిఘంటువే కూర్చవలసి వచ్చినది. ఆ మాటలు తెలుగువారి నోట అంతగా నాటుకొనినవి. ముద్దాయి యను మాటనే చూడుడు. అరబ్బీలో "ముద్దయీ" యనగా దావా తెచ్చినవాడు. మన కచేరీలలో చేతులు మారి మారి అది నేరము మోపబడినవానికి పేరైనది. అర్థము తలక్రిందులైనది, అయినను ఏ పల్లెవాడును ఇందు పొరబడుట లేదు. మాటకు అర్థము నిచ్చునది పుట్టుక గాదు, వాడుక. ఈ సత్యమును గిడుగు రామమూర్తి పంతులవారు జీవితమంతయు చాటిరి.

ఇచ్చట భాషాభిమానులకును ఒక మాట చెప్పవలసియున్నది. తెలుగున తీర్పులు రావలెనని కోరువారిలో కొందరు, అట్లు రావలెనన్న ముందుగా జామీనును, వారంటును, ముద్దాయిని వెడలగొట్టి, వాని స్థానమున నెవరును వినని సమాసములను కూర్చవలెననుకొందురు. ఇట్టి తెలుగు ఆంగ్లమునకు చుట్టమే. బోనులోనివానికి ఆంగ్లమెంత దూరమో, పలువురు పండితులు చేరి కల్పించిన మాటయు అంతే దూరము. మనకు కావలసినది తెలుగు గౌరవము గాదు, ముద్దాయికి తెలివిడి. ఈ రెంటికిని గల భేదమును మరచినచో మన యుద్యమము నిఘంటువులో మొదలై నిఘంటువులోనే ముగియును.

రెండవ మాట: చట్టము ఆంగ్లమున పుట్టినది, దానిని ఆంగ్లముననే నడుపవలెను. ఇట్లనువారు ఆంగ్లేయుల చరిత్రయైనను చదువరైరి. ఇంగ్లండునందలి న్యాయస్థానములలో ఒకప్పుడు ఫ్రెంచి నడచినది, రికార్డులు లాటినున నుండినవి. జనులకు ఫ్రెంచి తెలియదు గనుక తమకు విరోధముగ ఏమి చెప్పబడుచున్నదో తెలియకున్నదని 1362లో మూడవ ఎడ్వర్డు ప్రభుత్వము చట్టము చేసి, వాదములు ఆంగ్లమున జరుగవలెనన్నది. ఆ చట్టమును సైతము ఫ్రెంచిలోనే వ్రాసిరి! వకీళ్లు దానిని లెక్కసేయక మరి మూడువందల యేండ్లకు పైగా తమ ఫ్రెంచిని తాము నడుపుకొనిరి. తుదకు 1731లో మరల చట్టము చేసి 1733 నుండి లాటినును ఫ్రెంచిని న్యాయస్థానములనుండి తొలగింపవలసి వచ్చినది. నేడు మనము పూజించు ఆంగ్లము ఆనాడు మన తెలుగు నిలిచిన చోటనే నిలిచియుండెను. అటార్నీ, జ్యూరీ, వర్డిక్టు, బెయిలు: ఇవన్నియు ఫ్రెంచివారి సొత్తు. మాటలను వారు ఉంచుకొనిరి, భాషను పంపివేసిరి. మనమును అట్లే చేయుదము.

మన హైదరాబాదు రాజ్యమునే చూడుడు. అచ్చట హైకోర్టు ఉర్దూన నడిచినది. 1917లో అనువాదశాఖ నేర్పరచి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును స్థాపించి ఉర్దూన ఉన్నత విద్య గరపిరి. దేశభాష చట్టమును మోయగలదనుటకు ఇది నిదర్శనము. అదే రాజ్యమున తెలుగు రైతు కోర్టులో ఉర్దూ వినుచు తెల్లబోయి నిలిచెను. పరభాష దేశములోనిదైనంతమాత్రమున ముద్దాయికి సొంతభాష కాదనుటకును ఇదియే నిదర్శనము.

తెలియని భాషలో జరిగిన విచారణ యెంతకు దారితీయునో తెలియగోరువారు ఐర్లండును తలచుకొనవలెను. 1882లో మామ్‌ట్రాస్నా యను పల్లెలో ఒక కుటుంబమువారు హత్య గావింపబడిరి. నేరము మోపబడినవారిలో మైల్స్ జాయిస్ అను వాడు ఐరిష్ భాష తప్ప వేరెరుగడు. విచారణ డబ్లిను నగరమున ఆంగ్లమున జరిగెను. అతనితోడి ముద్దాయిలు ఇరువురు తమ నేరమొప్పుకొని ఇతడు నిర్దోషియని చెప్పినను, ఆ యేడు డిసెంబరు 15వ తేదీని గాల్వే జైలులో ఉరితీసిరి. 2018 ఏప్రిలులో ఐర్లండు అధ్యక్షుడు అతనికి క్షమాభిక్ష ప్రసాదించెను. నూటముప్పదియైదేండ్ల పిదప వచ్చిన క్షమ యెవరికి? వినుటకు మనిషి లేడు. ప్రాణము తీయుటకు చాలిన ఆంగ్లము, అతని మాట వినుటకు చాలలేదు.

మూడవ మాట యంత్రమును గూర్చినది. ఇది రెండు నాలుకలతో పలుకును. మొన్నటివరకు, తెలుగు టైపు చేయుట కష్టము, ఒత్తులు గుణింతములు యంత్రమున కొదుగవు, కనుక ఆంగ్లమే శరణ్యమనిరి. నేడు, యంత్రమే సర్వమును అనువదించును గనుక మనము తెలుగున వ్రాయ నక్కరలేదనుచున్నారు. నిన్న యంత్రము చేతకానిదగుటచే తెలుగు వలదు. నేడు యంత్రము మిక్కిలి చేతనైనదగుటచే తెలుగు వలదు! యంత్రమెట్లున్నను వీరికి కావలసిన సమాధానమొక్కటే.

మొదటి నాలుక కిది ప్రత్యుత్తరము. ప్రపంచమంతటి లిపులకు స్థానమిచ్చు యూనికోడు ప్రమాణమున 1991 నుండియు తెలుగున్నది. దానికి 128 స్థానము లేర్పడినవి. ఈ దేశమున అమ్ము చేతిఫోనులన్నియు 22 భాషల అక్షరములను చూపగలిగి యుండవలెనని 2016లో కేంద్ర ప్రభుత్వము భారత ప్రమాణమును విధించినది. 2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రము జరిగినది. తెలుగు "జ్ఞా" అక్షరమును ఒకానొక క్రమమున పంపినచో ఆపిల్ కంపెనీ ఐఫోనులలోని పనిముట్లు కుప్పకూలినవి. లోకమంతయు నవ్వినది, తెలుగు కష్టమైన భాషయని మనవారును కొందరు నవ్విరి. కొలదిదినములలో ఆ కంపెనీ తన లోపమును దిద్దుకొన్నది. తెలుగు మారలేదు, యంత్రము మారినది. నీతి యిదియే. అక్షరము యంత్రమునకు లొంగ నక్కరలేదు, అడుగువారున్నచో యంత్రమే అక్షరమునకు లొంగును. కూరగాయలమ్ము ఆవిడ చేతిఫోనుతో పైకము పుచ్చుకొనుచు, మనుమనికి తెలుగున నోటితో చెప్పి జాబు వ్రాయించుచున్నది. ఆమె చేతిలోని యంత్రమునకు వచ్చిన తెలుగు ప్రభుత్వము వెచ్చించి కొనియిచ్చిన కోర్టు యంత్రమునకు రాదనుట యెవరు నమ్మెదరు?

రెండవ నాలుకకు ప్రత్యుత్తరము కొంచెము నిదానముగ చెప్పవలెను. అనువాదయంత్రములను మేము నిరసింపము. సుప్రీంకోర్టు 2019 నవంబరులో సువాస్ అను అనువాద సాధనమును ప్రారంభించినది. అది పనిచేయు భాషలలో తెలుగొకటి. తీర్పులను జనుల కందించుటకు అది మేలే. కాని తీర్పు వెలువడిన పిదప అనువదించుట వేరు, సాక్ష్యము నోట వెలువడినపుడే దానిని పరభాషగ మార్చి మూలమును పారవేయుట వేరు. మూలమే లేనప్పుడు యంత్రము దేనిని తెలుగు చేయును? ఆంగ్లమున తప్పుగ వ్రాసినదానిని మరల తెలుగున తప్పుగ వ్రాయును.

తప్పేమి పడునందురా? మన భాషయొక్క కీలకములు చూడుడు. "కొట్టినాడు" అనిన సాక్షి చూచినాడు. "కొట్టినాడట" అనిన విన్నాడు. చెవిన బడిన మాట సాధారణముగ సాక్ష్యము గాదని సాక్ష్యచట్టపు మూలసూత్రము. తెలుగున ఆ భేదమంతయు "ట" యను ఒక్క యక్షరమున నిమిడియున్నది. వేగముగ ఆంగ్లీకరించు తొందరలో ఆ యక్షరము జారినచో విన్నవాడు చూచినవాడగును. "మేము పోయినాము" అనుటకును, "మనము పోయినాము" అనుటకును మనకు భేదము కలదు. మొదటిదానిలో విన్నవాడు లేడు, రెండవదానిలో ఉన్నాడు. ఆంగ్లమున రెంటికిని ఒక్కటే మాట. పలువురు ఒక్క యుద్దేశముతో చేసిన నేరమునకు అందరును బాధ్యులని న్యాయసంహిత 3వ సెక్షను చెప్పుచున్నది గదా. ఆ గుంపులో ఎవడున్నాడు, ఎవడు లేడు అను ప్రశ్న యీ "మేము" "మనము"ల యందే తేలవచ్చును. "దెబ్బ తగిలినది" అనుటలో కర్త లేడు. "దెబ్బ కొట్టినాడు" అనుటలో కలడు. తల్లి బిడ్డను "చంపేస్తాను" అని యదలించుటను ఆంగ్లమున వ్రాసి చదివినచో అది ప్రాణభయము గల్పించుటగ కనబడును. ఉరికంబమునకును విడుదలకును నడుమ ఇట్టి యక్షరములే నిలిచియుండును. ఇందేది యెంతవరకు నిజమో తేల్చుటకు సాక్షి పలికిన మాట పలికినట్లు మిగిలియుండవలెను.

ఇందులకు యంత్రము నిజముగ తోడ్పడగలదు. సోదా జరుపునపుడు, వస్తువులను స్వాధీనపరచుకొనునపుడు దృశ్యమును శబ్దమును చిత్రింపవలెనని సురక్షా సంహిత 105వ సెక్షను విధించినది, చేతిఫోనే చాలునన్నది. మేజిస్ట్రేటుల యెదుట వారంటు కేసులలో ముద్దాయి న్యాయవాది సమక్షమున సాక్ష్యమును అట్లే చిత్రింపవచ్చునని 310వ సెక్షను చెప్పుచున్నది. పెండ్లిలో ప్రతి యక్షింతను చిత్రించు దేశమున, మనిషి స్వేచ్ఛను నిర్ణయించు సాక్ష్యమును చిత్రించుటకు సాధనములు లేవనుట సిగ్గుచేటు. యంత్రమును తెలుగును తప్పించుకొనుటకు గాక తెలుగును భద్రపరచుటకు వాడుదము.

ఒక హెచ్చరిక. మేము కోరునది తెలుగు పెత్తనము గాదు. మన్యమున సవరవానిని, కోయవానిని, ఆదిలాబాదు గోండును తెలుగున విచారించి పంపివేసినచో, ఆంగ్లము మనకు చేసినదానిని మనము వారికి చేసినవారమగుదుము. ఇటుకబట్టీలకు వచ్చిన ఒడియా కూలీకి తెలుగు తీర్పు ఆంగ్లపు తీర్పుకంటె మేలైనది గాదు. వ్యావహారిక తెలుగునకై పోరాడిన గిడుగువారే సవర భాష నేర్చి, దానికి వ్యాకరణము నిఘంటువు కూర్చి, సవర పిల్లలకు వారి భాషలో చదువు చెప్పించిరి. తన భాషకు న్యాయము కోరినవాడు పరుల భాషకును న్యాయము చేయునని వారు చేసి చూపిరి. 314వ సెక్షను అందరిదియు. దుబాసీని నియమింపకుండ కోయవానిని విచారించు తెలుగు కోర్టు మా కక్కరలేదు.

ఇక పని యేమి? హైకోర్టుల భాషను మార్చుటకు రాజ్యాంగపు 348వ అధికరణమున రాష్ట్రపతి సమ్మతి కావలెను. రాజస్థాను, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, బీహారు హైకోర్టులకు హిందీ విషయమున అది పూర్వమే దొరకినది. తమిళము, కన్నడము, గుజరాతీ, బెంగాలీలకై అడిగిన రాష్ట్రముల ప్రార్థనను 2012లో సుప్రీంకోర్టు న్యాయమూర్తుల సభ యంగీకరింపలేదు. ఆ పోరాటము సాగవలసినదే. 2023 జూనులో తెలంగాణ హైకోర్టు ఒక సివిలు అప్పీలున తెలుగున తీర్పు వెలువరించి, మనసున్నచో మార్గముండునని చూపినది. కాని జిల్లా కోర్టునకు రాష్ట్రపతి సమ్మతి యక్కరలేదు. ఢిల్లీవైపు చూచుచు కూర్చుండనక్కరలేదు. ముద్దాయిలలో నెక్కువమంది నిలుచు బోను జిల్లా కోర్టులోనిదే.

మొదటి బాధ్యత మా వృత్తివారిది. సాక్ష్యమునకు తెలుగు పాఠము కావలెనని ఒక మెమో వేయుటకు ఒక కాగితము చాలును. 312వ సెక్షనులోని మినహాయింపు వకీలు మౌనముపై నిలిచియున్నది. మౌనము వీడినచో మినహాయింపు కూలును. ఆంగ్లమున వాదింపకున్నచో కక్షిదారు ఫీజు తగ్గించునని భయపడువారు కలరు. తన కేసు తనకు తెలిసిన కక్షిదారు వకీలును మరింత నమ్మును గాని తక్కువ నమ్మడు. మర్మము వలన వచ్చు గౌరవము మంత్రగానికి తగును, న్యాయవాదికి తగదు.

రెండవ బాధ్యత ప్రభుత్వములది. కోర్టుల భాషను నిర్ణయించు అధికారము చేతిలో నున్నవారు దాని నమలునకు కావలసిన లేఖకులను, అనువాదకులను, దుబాసీలను నియమింపవలెను. ఉత్సవమునాడు తెలుగుతల్లికి దండ వేయుటకంటె ఒక జిల్లా కోర్టులో ఒక తెలుగు లేఖకుని నియమించుట మేలు. 392వ సెక్షనులోని "లేక"ను తీసివేసి, సారాంశమును ముద్దాయికే చెప్పవలెనని సవరణ కోరుట శాసనసభ్యులకును పార్లమెంటు సభ్యులకును కష్టమైన పని గాదు.

మూడవ బాధ్యత పాఠకులది. మీ వీధిలో నెవరినైన పోలీసువారు పట్టుకొనిపోయినపుడు, కారణము తెలుగున వ్రాసి యిచ్చిరా యని యడుగుడు. మీ బంధువునకు శిక్ష పడినపుడు, తీర్పునకు తెలుగు అనువాదము కావలెనని 404వ సెక్షను క్రింద దరఖాస్తు పెట్టుడు. ఒకడు పెట్టినచో గుమాస్తా విసుగుకొనును. పదిమంది పెట్టినచో ఒక అనువాదకుని వెదకును. నూరుమంది పెట్టినచో తెలుగుననే తీర్పు వ్రాయుట సులువని న్యాయాధిపతికే తోచును. ఇంతవరకు ఆంగ్లము నిలిచినది దాని బలమున గాదు, మన మడుగకుండుటవలన. అడుగుట నేడే మొదలుపెట్టుదము.